యాక్సిడెంట్ తర్వాత రెంటల్ కారు: ఎవరు కడతారు, ఏ తేదీ దాకా కడతారు?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా. డాలస్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి వచ్చి గుద్దారు. కారు నడిచే స్థితిలో లేదు, టో యార్డ్‌లో ఉంది. అవతలి డ్రైవర్ ఇన్సూరెన్స్ వాళ్ళు "మా కస్టమర్ ఫోన్ ఎత్తట్లేదు, అతనితో మాట్లాడేదాకా రెంటల్ ఇవ్వలేం" అంటున్నారు. సొంత ఇన్సూరెన్స్‌కి చెబితే ప్రీమియం పెరుగుతుందేమోనని ఆగారు. ప్రస్తుతానికి ఫ్రెండ్ కారుతో నెట్టుకొస్తున్నారు. ఇప్పుడేం చేయాలి అని ప్రశ్న.

నేను చాలాకాలం ఆటో క్లెయిమ్స్‌లోనే పనిచేశాను, మీరు ఫోన్ చేస్తే అవతల ఎత్తే అడ్జస్టర్ (క్లెయిమ్ పరిశీలించి ఎంత ఇవ్వాలో తేల్చే కంపెనీ ఉద్యోగి) కుర్చీలోనే. అక్కడ రోజూ కనబడేది ఏమిటంటే, అందరూ "రెంటల్ ఇస్తారా, ఇవ్వరా" అనే గొడవపడతారు. అది ఎలాగో తేలుతుంది. డబ్బు పోయేది వేరేచోట: రెంటల్ ఏ రోజుతో ఆగిపోతుందో తెలియక, ఆ రెంటల్ కారుకే గీత పడితే ఎవరు కట్టాలో తెలియక. ఈ రెండూ రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కౌంటర్ దగ్గర కారు తాళం తీసుకోండి.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి అవతలివాళ్ళ ఇన్సూరెన్స్, రెండోది మీ సొంత పాలసీ. తప్పు పూర్తిగా అవతలివాళ్ళదే కాబట్టి మొదటి దారే న్యాయం అనిపిస్తుంది. న్యాయమే. కానీ ఆ కంపెనీకి మీతో ఎలాంటి ఒప్పందమూ లేదు. వాళ్ళ ఒప్పందం మిమ్మల్ని గుద్దినవాడితో. అతనిదే తప్పని వాళ్ళు ఒప్పుకునేదాకా మీకు ఒక్క డాలరూ ఇవ్వాల్సిన తొందర వాళ్ళకి లేదు. క్లెయిమ్ డబ్బు ఫలానా గడువులో తేల్చాలని టెక్సాస్‌లో ఉన్న ప్రాంప్ట్ పేమెంట్ చట్టం కూడా సొంత ఇన్సూరెన్స్ దగ్గర క్లెయిమ్ చేసుకున్నవాళ్ళకే. మీలాగా ఎదుటివాడి కంపెనీ మీద క్లెయిమ్ వేసినవాళ్ళకి అది వర్తించదు. ఈలోగా "నష్టం పెరగకుండా చూసుకునే బాధ్యత మీదే" అని మాత్రం తప్పకుండా గుర్తు చేస్తారు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఆ అడ్జస్టర్‌ని కదిలించాలంటే ఫోన్లో అరిస్తే లాభం లేదు. ఫైల్లో కాగితాలు పడాలి. పోలీసు రిపోర్టు, అంటే టెక్సాస్‌లో సీఆర్-3 అనే ఫారం, సంపాదించి పంపండి. అందులో ఏ డ్రైవర్ ఏ కారణంగా ప్రమాదానికి దోహదపడ్డాడో అధికారి కోడ్ రూపంలో రాస్తాడు. అది ఇన్సూరెన్స్ కంపెనీని కట్టిపడెయ్యదు, కానీ కస్టమర్ దొరకని అడ్జస్టర్‌కి ఒక ఆధారం అవుతుంది. డాష్‌క్యామ్ వీడియో, సాక్షి ఫోన్ నంబర్ ఉంటే అవీ పంపండి. తర్వాత ఒక చిన్న ఈమెయిల్: "నా కారు నడవదు. ఈ తేదీ నుంచి నాకు రవాణా లేదు. రోజుకి రెంటల్ ఇంత, యార్డ్ అద్దె ఇంత పడుతోంది. బాధ్యత మీద మీ నిర్ణయం ఏ తేదీలోగా చెబుతారు?" అంతే. కోపం, బాధ అందులో వద్దు. అది ఫైల్లో ఉంటే రేపు అడ్జస్టర్ పై అధికారి ఫైల్ తెరిచినప్పుడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. వాళ్ళు రికార్డెడ్ స్టేట్‌మెంట్ అడగొచ్చు. అవతలి కంపెనీకి అది ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు, కానీ మీలాంటి వెనకనుంచి గుద్దిన కేసులో జరిగింది జరిగినట్టు రెండు మూడు వాక్యాల్లో చెబితే పని తొందరగా అవుతుంది. మెడ నొప్పి, నడుము నొప్పి గురించి మాత్రం "ఇంకా డాక్టర్‌కి చూపించుకుంటున్నాను" అని ఆపండి. "నాకేం కాలేదండీ, బాగానే ఉన్నా" అని మర్యాదకి అనేస్తాం కదా, మనవాళ్ళకి అది బాగా అలవాటు. ఆ ఒక్క మాట రికార్డులో ఉండిపోతుంది.

అయితే మీ పరిస్థితిలో నేనైతే ఇవాళే సొంత కంపెనీకి ఫోన్ చేస్తాను. యాక్సిడెంట్ జరిగితే వాళ్ళకి తెలియజేయాలని దాదాపు ప్రతి పాలసీలోనూ షరతు ఉంటుంది. చెప్పడం వేరు, క్లెయిమ్ వాడుకోవడం వేరు. ప్రీమియం సంగతి ఏజెంట్‌ని ముందే అడగండి: "తప్పు నాది కాని యాక్సిడెంట్‌లో కొలిజన్ వాడుకుంటే రెన్యువల్‌లో తేడా వస్తుందా?" (కొలిజన్ అంటే గుద్దుకున్నప్పుడు మీ కారు రిపేర్‌కి మీ కంపెనీయే కట్టే కవరేజ్.) తప్పు మీదైనప్పుడు పెరిగినట్టు మాత్రం పెరగదు. ఆ భయంతో యార్డ్‌లో కారుని వారాల తరబడి వదిలేసేవాళ్ళకి అయ్యే ఖర్చే ఎక్కువ.

మీ పాలసీలో కవరేజ్‌లన్నీ ఒకచోట రాసి ఉండే డిక్లరేషన్ పేజీ తీసి చూడండి. "రెంటల్ రీయింబర్స్‌మెంట్" అనో, "ట్రాన్స్‌పోర్టేషన్ ఎక్స్‌పెన్స్" అనో ఒక లైను ఉంటుంది, పక్కన 30/900 లేదా 40/1200 లాంటి అంకెలుంటాయి. మొదటిది రోజుకి ఇచ్చే గరిష్ఠం, రెండోది మొత్తానికి గరిష్ఠం. కొలిజన్, కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ళ లాంటివాటికి) ఉన్నంత మాత్రాన రెంటల్ ఉన్నట్టు కాదు, అది విడిగా కొనుక్కోవాల్సిన కవరేజ్. "నాకు ఫుల్ కవరేజ్ ఉంది" అని ధీమాగా ఫోన్ చేసి, రెంటల్ లేదని విని డీలా పడిపోయేవాళ్ళు లెక్కలేనంతమంది. యాక్సిడెంట్ అయ్యాక దాన్ని కొన్నా ఈ క్లెయిమ్‌కి పనికిరాదు.

ఉందనుకుందాం, 40/1200. రెంటల్ కంపెనీ రోజుకి 38 డాలర్లు అంటుంది, పరిమితిలోనే ఉందని సంతోషిస్తారు. పన్నులు, ఫీజులు కలిపితే 47 అవుతుంది. ఆ 40 పరిమితి సాధారణంగా పన్నులతో కలిపే. అంటే రోజుకి 7 మీ జేబులోంచి. 26 రోజులు వాడితే 182 డాలర్లు. పెట్రోలు, టోల్, డిపాజిట్, కౌంటర్లో అంటగట్టే అదనపు కవరేజ్‌లు ఇందులో రావు. ఆ 182 పూర్తిగా పోయినట్టు కాదు, తప్పు అవతలివాళ్ళదే కాబట్టి రసీదులు దాచి వాళ్ళ కంపెనీని అడగొచ్చు. మీ డిడక్టబుల్ (రిపేర్ ఖర్చులో ముందు మీరే పెట్టుకోవాల్సిన భాగం) సంగతీ అంతే. మీ కంపెనీ ముందు బాగు చేయించి, ఆ డబ్బు అవతలి కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది, దాన్నే సబ్రొగేషన్ అంటారు. అందులో మీ డిడక్టబుల్ కూడా కలిపి అడగమని, మీరు విడిగా కట్టిన రెంటల్ తేడాని వాళ్ళు అడుగుతారా, మీరే అడగాలా అని మీ అడ్జస్టర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి. అడగనివాళ్ళకి ఈ తేడా డబ్బు తిరిగి రావడం నేను పెద్దగా చూడలేదు.

ఇక యార్డ్. టో యార్డ్‌లో కారు ఉన్న ప్రతిరోజూ అద్దె పడుతూనే ఉంటుంది. బాధ్యత తేలేదాకా అక్కడే ఉంచుదాం అనుకోకండి, అది తడిసి మోపెడవుతుంది, పైగా "మీరు తీసేయొచ్చుగా" అని అవతలివాళ్ళు కొంత కోసేస్తారు. మీకు నచ్చిన బాడీ షాప్‌కి మార్పించండి. టెక్సాస్‌లో ఏ షాప్‌లో చేయించుకోవాలో ఎంచుకునే హక్కు మీదే, ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పిన షాప్‌కే వెళ్ళాలన్న నియమం లేదు.

రెంటల్ రోజులు ఎలా లెక్కకడతారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కారు ఎన్ని రోజులు షాప్‌లో ఉందన్నది కాదు లెక్క, బాగుచేయడానికి సమంజసంగా ఎన్నాళ్ళు పట్టాలి అన్నది. అడ్జస్టర్ ఎస్టిమేట్‌లో లేబర్ గంటలు చూస్తాడు, రోజుకి నాలుగైదు గంటల చొప్పున భాగిస్తాడు. 40 గంటల పని అంటే పది పనిరోజులు, శని ఆదివారాలు కలిపితే రెండు వారాలు. ఆ రెండు వారాలకి రెంటల్ ఆథరైజ్ చేసి, చివరి తేదీ రెంటల్ కంపెనీకి పంపుతాడు. మీకు చెప్పడం ఒక్కోసారి మర్చిపోతాడు కూడా.

ఇప్పుడు షాప్‌లో బంపర్ విప్పుతారు. లోపల రీఇన్‌ఫోర్స్‌మెంట్ బార్ వంగి ఉంటుంది, పక్కన సెన్సర్ బ్రాకెట్ విరిగి ఉంటుంది. బయటినుంచి తీసిన ఫొటోల్లో అవేవీ కనబడవు. షాప్ వాళ్ళు సప్లిమెంట్ అని రెండో ఎస్టిమేట్ పంపుతారు. అది ఆమోదం పొందేదాకా పని ఆగుతుంది, పార్టు బ్యాక్ ఆర్డర్‌లో ఉంటే ఇంకా ఆగుతుంది. ఈ ఆలస్యాలకి రెంటల్ పొడిగిస్తారు, కానీ ఎవరో ఒకరు అడగాలి. షాప్ వాళ్ళు తమంతట తాము చెప్పరు, రెంటల్ వాళ్ళకి పట్టదు. గడువుకి రెండు రోజుల ముందే షాప్ మేనేజర్‌తో "ఫలానా పార్టు ఫలానా తేదీకి వస్తుంది, కారు ఫలానా తేదీకి సిద్ధం" అని అడ్జస్టర్‌కి ఒక లైను పెట్టించండి. పొడిగింపు వచ్చిందో లేదో రెంటల్ బ్రాంచ్‌కి ఫోన్ చేసి మరీ కనుక్కోండి. లేకపోతే ఆథరైజేషన్ అయిపోయిన మర్నాటి నుంచి మామూలు రేటు మీ కార్డుకి పడుతుంది. షాప్ వాళ్ళకి మనుషులు చాలక ఆలస్యమైతే మాత్రం ఇన్సూరెన్స్ పొడిగించకపోవచ్చు. కారు ఇచ్చేముందే "ఎప్పుడు మొదలుపెడతారు" అని అడిగేది అందుకే.

ఇది చదివే వేరేవాళ్ళ కోసం ఒక మాట: కారు గుద్దుకున్నా నడుస్తూ ఉంటే, పార్టులు వచ్చేదాకా షాప్‌లో పడెయ్యకండి. ఎస్టిమేట్ రాయించి, పార్టులు ఆర్డర్ పెట్టించి, అవి చేరాకే కారు ఇవ్వండి. 900 డాలర్ల పరిమితి మొత్తం కారు ఊరికే నిలబడి ఉండగానే అయిపోయిన ఫైళ్ళు బోలెడు. లైట్లు వెలగకపోయినా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా అది నడిచే కారు కిందకి రాదు, అప్పుడు రెంటల్ వెంటనే అడగండి.

కారు టోటల్ అయితే, అంటే బాగుచేయడం గిట్టదని కంపెనీ తేల్చేస్తే, కథ మారిపోతుంది. బాగుచేసే రోజులే లేవు కాబట్టి, కారు విలువ ఇంత అని ఆఫర్ ఇచ్చిన కొద్ది రోజులకే రెంటల్ ఆపేస్తారు. మీరు ఆ ఆఫర్‌తో విభేదించి బేరమాడుతున్నా సరే గడియారం ఆగదు. రెంటల్ పోతుందన్న కంగారులో తక్కువ ఆఫర్‌కి సంతకం పెట్టేసేవాళ్ళే ఎక్కువ. దీనికి మందు ముందే సిద్ధంగా ఉండటం: మీ మోడల్, మీ ట్రిమ్, దగ్గర్లో అన్ని మైళ్ళే తిరిగిన కార్లు ఎంతకి అమ్ముతున్నారో నాలుగైదు యాడ్స్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లోన్ ఉంటే ఇంకా ఎంత కట్టాలో చెప్పే పేఆఫ్ లెటర్ బ్యాంక్ నుంచి తెప్పించుకోండి. టైటిల్ (కారు మీదేనని చెప్పే పత్రం) ఎక్కడుందో చూసుకోండి. ఆఫర్ వచ్చిన రోజే జవాబు ఇవ్వగలిగితే రెంటల్ ఉండగానే తేలుతుంది. టోటల్ అయ్యేలా ఉందని షాప్ వాళ్ళు గొణిగిన రోజునే ఈ పని మొదలుపెట్టండి.

పరిమితి గురించి కూడా తెలిసి ఉండాలి. టెక్సాస్‌లో కనీస లయబిలిటీ (గుద్దినవాడి తరఫున ఎదుటివాళ్ళకి కట్టే కవరేజ్) వేల డాలర్లలో 30/60/25, మొదటి రెండూ మనుషుల దెబ్బలకి, చివరి 25 వేలే ఆస్తి నష్టానికి. ఆ 25 వేలలోనే మీ కారు, టో, యార్డ్ అద్దె, రెంటల్ అన్నీ సర్దుకోవాలి. కారు 21 వేలు, టో, యార్డ్ 1,200, రెంటల్ 1,500 అయితే 23,700, ఎలాగో సరిపోయింది. అదే ఆ డ్రైవర్ మీతోపాటు ముందున్న ఇంకో కారుని కూడా గుద్దించి ఉంటే ఆ డబ్బే ఇద్దరికీ పంచాలి. అలాంటప్పుడు, లేదా అతనికి ఇన్సూరెన్సే లేదని తేలినప్పుడు, మీ పాలసీలో అన్‌ఇన్సూర్డ్ / అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ ప్రాపర్టీ డ్యామేజ్ ఉందా చూడండి. టెక్సాస్‌లో వద్దని రాతపూర్వకంగా చెప్పకపోతే అది పాలసీలో ఉండాలి. దానికి డిడక్టబుల్ 250 డాలర్లు, రిపేర్‌తోపాటు రెంటల్ కూడా అందులో వస్తుంది. చాలామందికి ఈ కవరేజ్ ఉందన్న సంగతే తెలియదు. ఫోన్ ఎత్తని డ్రైవర్ పాలసీ ప్రీమియం కట్టక లాప్స్ (రద్దు) అయిందని చివరికి బయటపడటం కొత్తేమీ కాదు, కాబట్టి మీ కేసులో ఇది తప్పకుండా చూసుకోండి.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన రెండో సంగతి, ఎవరూ అడగని ప్రశ్న: ఆ రెంటల్ కారుకి ఏమైనా అయితే? అవతలివాళ్ళ ఇన్సూరెన్స్ రెంటల్ అద్దె కడుతుంది, అంతే. మీరు ఆ కారుని స్తంభానికి తగిలిస్తే దానికీ వాళ్ళకీ సంబంధం లేదు. అమెరికాలో మామూలుగా మీ సొంత పాలసీ కవరేజే రెంటల్ కారుకీ వర్తిస్తుంది, మీ డిడక్టబుల్‌తో. మీకు కొలిజన్ ఉంటే చాలావరకు ఇబ్బంది లేదు. పాత కారు కదా అని లయబిలిటీ మాత్రమే పెట్టుకున్నవాళ్ళు, ముఖ్యంగా మన స్టూడెంట్లు, ఇక్కడ ఇరుక్కుంటారు. నాలుగు వేల విలువ చేసే పాత కారుకి బదులు పాతిక వేల కొత్త కారు చేతికొస్తుంది, దానికి దెబ్బ తగిలితే ఎవరు కడతారన్నది పాలసీ రాతని బట్టి ఉంటుంది. "ఈ రెంటల్ డ్యామేజ్ అయితే నా పాలసీ కడుతుందా?" అని సూటిగా ఏజెంట్‌ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. లేదంటే కౌంటర్‌లో అమ్మే డ్యామేజ్ వేవర్ (కారు దెబ్బతిన్నా మీ దగ్గర వసూలు చెయ్యబోమని రెంటల్ కంపెనీ డబ్బు తీసుకుని ఇచ్చే హామీ) తీసుకోండి. మామూలుగా నేను అది వద్దనే చెబుతాను, ఇలాంటివాళ్ళకి మాత్రం తీసుకోమంటాను. అవతలి అడ్జస్టర్ ఆ వేవర్ డబ్బు సాధారణంగా కట్టడు. అయినా అడగండి, ఒక్కోసారి ఒప్పుకుంటారు.

"నా క్రెడిట్ కార్డులో రెంటల్ కవరేజ్ ఉంది కదా" అంటారు. ఆ కవరేజ్‌కి షరతు మొత్తం అద్దె ఆ కార్డు మీదే కట్టాలని. ఇన్సూరెన్స్ కంపెనీ డైరెక్ట్ బిల్లింగ్‌లో కడుతుంటే మీ కార్డు మీద పడేది డిపాజిట్ ఒక్కటే, కాబట్టి అది పనిచేయకపోవచ్చు. పైగా వీసా కార్డుల్లో ఈ సౌకర్యం ఉన్నచోట మామూలుగా సొంత దేశంలో 15 రోజులు దాటిన రెంటల్‌కి వర్తించదు, బాడీ షాప్ పని దాన్ని సులువుగా దాటుతుంది. సొంత పాలసీ ఉన్నా సరే, కారు బాగయ్యేదాకా రెంటల్ కంపెనీ నష్టపోయిన అద్దె, వాళ్ళ అడ్మిన్ ఫీజు లాంటివి చాలా పాలసీలు కట్టవు, అవి మీకే బిల్లు వస్తాయి. కారు తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తియ్యండి: చక్రాల రిమ్ములు, ముందు అద్దం, బంపర్ కింది అంచు. తిరిగిచ్చేటప్పుడు కూడా, ఓడోమీటర్‌తో సహా.

కౌంటర్ దగ్గర ఇంకొన్ని. 25 ఏళ్ళలోపు అయితే రోజువారీ అదనపు ఛార్జీ అడుగుతారు, అది ఇన్సూరెన్స్ కడుతుందో లేదో ముందే తేల్చుకోండి. డెబిట్ కార్డు అయితే డిపాజిట్ గొడవ ఎక్కువ. మీ ఆవిడ కూడా నడుపుతారంటే ఒప్పందంలో ఆ పేరు చేర్చాలా అని అడగండి, పేరు లేనివాళ్ళు నడిపితే ఉన్న రక్షణా పోయే ప్రమాదం ఉంది. ఊరి నుంచి వచ్చిన మామగారికి సరదాగా పార్కింగ్‌లో ఓ రౌండ్ ఇద్దాం లాంటివి ఈ కారుతో వద్దు. పిల్లల సీట్లు రెండుంటే చిన్న కారు ఇస్తామన్నా ఊరుకోకండి. అవతలివాళ్ళు కట్టేటప్పుడు మీ కారుకి సమానమైన తరగతి కారు అడగొచ్చు. సొంత పాలసీలో అయితే రోజు పరిమితిలో ఏది వస్తే అదే.

సెటిల్‌మెంట్ కాగితం ఏది పంపినా "ప్రాపర్టీ డ్యామేజ్ మాత్రమే" అని ఉందో లేదో చదవండి. రెంటల్ చెక్కు కోసం పెట్టిన సంతకంతో దెబ్బల క్లెయిమ్ కూడా పోగొట్టుకోకూడదు.

చివరగా మీ ఫ్రెండ్ కారు సంగతి. "అద్దెకే తీసుకోలేదు కాబట్టి నాకేమీ రాదు కదా" అని రాశారు. వస్తుంది. కారు లేని రోజుల నష్టాన్ని లాస్ ఆఫ్ యూజ్ అంటారు. దానికి నిజంగా కారు అద్దెకి తీసుకుని ఉండనక్కర్లేదని టెక్సాస్ సుప్రీంకోర్టు 1984లోనే లూనా వర్సెస్ నార్త్ స్టార్ డాడ్జ్ కేసులో చెప్పింది. కారు టోటల్ అయితే లాస్ ఆఫ్ యూజ్ రాదని కంపెనీలు వాదించేవి. ఒక టోయింగ్ కంపెనీ తన ట్రక్కు పోగొట్టుకుని, పని లేక కోర్టుకెక్కితే, 2016లో జే అండ్ డీ టోయింగ్ కేసులో అదే కోర్టు టోటల్ అయినా సమంజసమైన కాలానికి ఆ నష్టం ఇవ్వాలని తీర్పు చెప్పింది. సొంత పాలసీ కింద అయితే ఇది కుదరదు, అది ఖర్చు పెట్టిందే ఇస్తుంది. ఎదుటివాళ్ళ మీద క్లెయిమ్‌కే ఈ మాట.

కాబట్టి మీ కారు లాంటి కారు మీ ఊర్లో రోజుకి ఎంతకి అద్దెకి దొరుకుతోందో రెండు మూడు కొటేషన్లు తీసి, కారు లేని రోజులతో గుణించి, అడ్జస్టర్‌కి పంపండి. వాళ్ళు సగమే ఇస్తామంటే, ఎందుకో రాతలో చెప్పమనండి. రాతలో అడిగేసరికి అంకె కొంచెం కదులుతుంది. అప్పటికీ తేలకపోతే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు, కంపెనీ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆఖరి మెట్టు చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టు, 20 వేల డాలర్ల దాకా అక్కడే వేసుకోవచ్చు, గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళు. వేసేటప్పుడు ప్రతివాదిగా ఆ డ్రైవర్ పేరు పెట్టండి, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు కాదు. కోర్టు సమన్లు ఇంటికి చేరాక, ఇన్నాళ్ళూ ఫోన్ ఎత్తని మనిషి తన ఇన్సూరెన్స్‌కి తనే ఫోన్ చేస్తాడు.